అక్కర్లేదన్న మాట

పందొమ్మిదేండ్లు పట్టింది, ఒక పొడి కోసరం. ముక్కుతో పీల్చే టీకా పొడి అది. ఫ్రిజ్జు లేని పల్లెలో గూడా చెడిపోకూడదని మొదలుపెట్టినా. నాలుగు తూర్లు పోయింది, నాలుగు తూర్లు మళ్లీ చేసినా. ఇంక నాకు ఓపిక లేదు నాయనా, నిజం చెప్తాండా.

ఈ ఎండాకాలం ఆఖరి పరీక్ష. ఓర్వకల్లు దగ్గర ఒక పల్లెలో, సబ్‌సెంటరు నర్సు నాగలక్ష్మమ్మ చేతికి అరవై పొట్లాలు ఇచ్చినా. ఎవరికీ వేసేది లేదు. రేకుల కింద, బీరువా మీద తొంభై దినాలు ఉడకాల, అంతే. పొడి నిలిచిందంటే పని ముందుకు పోతాది. లేదంటే మూసేస్తామని హైదరాబాదులో మా డైరెక్టరు ముందే చెప్పేసినాడు.

తొంభైయో దినం పోయి చూస్తే బీరువా మీద ఏమీ లేదు.

"యాడ పెట్టినావక్కా?"

ఆమె సంబరంగా నీళ్లకుండ కాడికి పిల్చుకపోయింది. కుండ కింద తడి ఇసుకలో, తడిగుడ్డ చుట్టుకోని ఉండాయి నా పొట్లాలు! విప్పి చూస్తే పొడి వానకాలం ఉప్పు మాదిరి గడ్డకట్టి ఉండాది.

"ఎవురు పెట్టమన్నారు ఈడ? రాసిచ్చినా గదా!" అని అరిచినా.

ఆమె బెదిరిపోయి, నేనిచ్చిన కాగితమే తెచ్చి చూపించింది. 'చల్లని చోట పెట్టనక్కర్లేదు' అని నా చేతిరాత.

"అక్కర్లేదనే గదా మేడమ్ రాసినారు, వద్దనలేదే. ఇంటికొచ్చినోళ్లు అక్కర్లేదంటే ఊరకుంటామా? ఇంగో ముద్ద ఏస్తాం. అట్లాంటిది, మందును ఎండకు వదిలేస్తామా? దినాం రెండు తూర్లు గుడ్డ తడిపినా. ఆదివారాలు గూడా వచ్చినా."

నిజమే గదా. నేనూ పత్తికొండ దాన్నే. అక్కర్లేదన్న మనిషిని మా ఇంట్లో ఎప్పుడన్నా వదిలినామా? 'పెట్టకూడదు' అని ఒక్క మాట రాయడం చేతకాలేదు నాకు. థూ, నా సదువు తగలెయ్య! చేసుకున్నమ్మకు చేసుకున్నంత.

డైరెక్టరుకు ఫోన్ చేసినా.

"నర్సు మాట వినలేదని రాయమ్మా సుచరితా. అప్పుడు ఈ పరీక్ష లెక్కలోకి రాదు, ఇంకో ఎండాకాలం అడిగి ఇప్పిస్తా. మన కాగితంలోనే తప్పుందంటే మాత్రం నేనేం చేయలేను," అన్నాడాయన.

ఇంకో ఎండాకాలం! ఆశ పుట్టింది, దాచేదేముంది. నాగలక్ష్మమ్మది కాంట్రాక్టు ఉద్యోగం. నేనా ఒక్క ముక్క రాస్తే ఈ నెలాఖరుకే ఇంటికి పంపిస్తారు. ఆమె నా ముందరే, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటా నిలబడి ఉండాది.

"తప్పు నాది సార్. అట్లే రాస్తాండా," అని ఫోన్ పెట్టేసినా. ఏడుపు గూడా రాలేదు. యాడన్నా పండుకుంటే చాలనిపించింది.

నాగలక్ష్మమ్మ బస్సు దాకా వచ్చింది.

"వచ్చే ఏడు ఎండలోనే పెడతాలే మేడమ్. ముట్టుకుంటే ఒట్టు. తప్పకుండా రావల్ల మీరు."

"వస్తాలే అక్కా," అని అబద్ధమాడి బస్సెక్కినా.