ఇల్లు తప్పిన కల

ఆ మేడలో తెల్లారగానే అందరికీ ఒక పని ఉండేది. రాత్రి తమకొచ్చిన కల తమదో, పక్కవాళ్లదో చూసుకోవాలి. ఎవరి కల వాళ్లకే రావాలన్న నియమం ఆ గోడలకు ఏనాడూ ఒంటబట్టలేదు. పై వాటా కల కింది వాటాలో దిగేది, ముందు గది కల వెనక గదికి పోయేది. అందుకని కాఫీ తాగి మెట్ల మీదకొచ్చి, ఎవరి సొత్తు వాళ్లకు అప్పజెప్పి పనుల్లోకి పోయేవారు.

"రాత్రి మీ అత్తగారు మా ఇంట్లో ఈత కొట్టారండీ."

"అయ్యో, మీకు నిద్ర పాడైందేమో!"

"అబ్బే, బాగా కొట్టారు. చూడముచ్చటగా ఉంది."

ఇదంతా నమ్మని మనిషి ఒక్కరే, పై అంతస్తులో ఉండే నిద్ర డాక్టరమ్మ. నిద్రపోయేవాళ్ల తలకు తీగలు అంటించి పరిశోధన చేయడం ఆవిడ ఉద్యోగం. "ఇంతమంది రోజూ ఇన్ని కలలు కంటుంటే ఒకటీ అరా కలవకుండా ఉంటాయా? కలిసినవి గుర్తుంటాయి, కలవనివి మర్చిపోతాం. అంతా కాకతాళీయం" అనేది. మెట్ల మీద జనం "నిజమేనమ్మా" అని తలూపి, ఆవిడ కల ఆవిడ చేతిలో పెట్టి పోయేవారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం కాదావిడ. కాళ్లు లెక్కపెడితే గానీ అది కుందేలని ఒప్పుకోని రకం.

ఆ గుణం తండ్రిది. ఆయన సైన్సు మాస్టారు. ఎవరేం చెప్పినా "ఏదీ, చూపించు" అనేవాడు. జవాబు సరిగ్గా ఉన్నా, ఎలా వచ్చిందో చూపించకపోతే సున్నా వేసేవాడు. సొంత కూతురికి కూడా అంతే, ఇంకా పెద్ద సున్నా.

ఇప్పుడా మాస్టారు వెనక గదిలో మంచం మీద ఉన్నాడు. పక్షవాతం మాటనీ చేతుల్నీ పట్టుకుపోయింది. కళ్లు మాత్రం తెరిచి ఉంటాయి, ఫ్యాను వైపు. లోపల ఏమీ మిగల్లేదని, మాట ఆయనకు అందదని పెద్ద డాక్టరు తేల్చేశాడు. ఇలాంటివాళ్లను చూసుకునే చోటు ఒకటి దూరపు ఊళ్లో ఉందని తమ్ముడు కనుక్కొచ్చాడు.

"అక్కా, ఆయనకు నువ్వూ ఒకటే, అక్కడి నర్సూ ఒకటే. నువ్వెందుకు నలిగిపోవడం? ఆదివారం బండి తెస్తాను."

ఆవిడ కాదనలేకపోయింది. ఆధారం లేకుండా ఏ మాటా అనడం ఆవిడకు చేతకాదు. కానీ ఆయనకు అన్నీ తెలుస్తుంటే? తెలిసి తెలిసి, ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య పడుండాలి, నా కూతురే నన్ను పంపించిందనుకుంటూ. ఆ ఆలోచనకు ఆవిడ గుండె తరుక్కుపోయేది.

ఆ వారంలోనే కింది వాటా టైలరక్క మెడలో టేపుతో ఎదురొచ్చింది.

"డాక్టరమ్మా, మీ నాన్నగారి కల మా ఇంటికొచ్చింది. క్లాసులో నిలబడి కిటికీలు తెరవమంటున్నారు."

"నాన్న మాస్టారని మీకు ముందే తెలుసు కదండీ."

"తెలుసు."

"అయితే అది లెక్కలోకి రాదు."

"పోనీలెండి. ఇంతకీ కిటికీ తెరిచారా?"

ఆవిడ పైకెళ్లి తెరిచింది. గాలి కోసమే అనుకుంది.

శనివారం మధ్యాహ్నం ఆవిడ ల్యాబు నుంచి కొన్ని బొమ్మల కార్డులు తెచ్చి, పేకముక్కల్లా కలిపి ఒకటి లాగింది. తిమింగలం వచ్చింది. దాన్ని తండ్రి కళ్లకెదురుగా పట్టుకుని, "నాన్నా, లోపల ఉంటే ఇది కలగను" అంది. ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం పొద్దున ఆవిడ అందరికంటే ముందు మెట్ల మీదకొచ్చింది. ఒక్కొక్కరే వచ్చారు. రైలు తప్పిపోవడం, పళ్లు రాలిపోవడం, మళ్లీ ఆ అత్తగారి ఈత. తిమింగలం ఊసే లేదు. వీధిలో బండి ఆగింది. తమ్ముడు దిగి మెట్ల దగ్గరికొచ్చాడు. అప్పుడొచ్చింది టైలరక్క, నసుగుతూ.

"ఇది మీ నాన్నగారిదేనా అని అనుమానం. తిట్లున్నాయి."

"చెప్పండి."

"మీరు చిన్నపిల్ల. రెండు జడలు. బొమ్మ పట్టుకుని నిలబడ్డారు, తిమింగలంది."

"తర్వాత?" అంది ఆవిడ.

"మీ నాన్నగారు పలక లాక్కుని ఇంత సున్నా చుట్టారు. 'అమ్మాయ్, బొమ్మ నువ్వూ చూశావు కదే! ఈ మేడలో కలలకు ఇల్లూ వాకిలీ లేవాయె. ఇది నా కలో నీ కలో ఎలా తేలుస్తావు? పో, మళ్లీ చెయ్' అన్నారు. మరీ అంత కేకలా, చిన్నపిల్లని!"

ఆవిడకు ఒక్కసారిగా నవ్వూ ఏడుపూ తన్నుకొచ్చాయి. ల్యాబులో కుర్రాళ్లకు తాను రోజూ నేర్పే పాఠం అది. ఇంట్లో మాత్రం తట్టలేదు. తనకు తట్టని తప్పు తన కలలోకి ఎలా వస్తుంది?

"తమ్ముడూ, బండి పంపించెయ్."

"ఒక్క కల పట్టుకునా అక్కా? నువ్వా ఈ మాట అనేది?"

"ఒక్కటి చాలదు. అందుకే మళ్లీ చేస్తాం. తప్పు దిద్దే మనిషి లోపలున్నాడురా, ఎక్కడికి పంపుతావు?"

తమ్ముడు బండివాడికి చెప్పొచ్చి, అక్క వెనకే గదిలోకి నడిచాడు. కిటికీ తెరిచే ఉంది. ఆవిడ బొమ్మలు బోర్లించి కలిపి, కళ్లు మూసుకుని ఒకటి లాగి తండ్రి ముందు నిలబెట్టింది.

"నాన్నా, సున్నా ముట్టింది. ఇదిగో, మళ్లీ." తమ్ముడి వైపు తల తిప్పకుండానే గదమాయించింది. "నువ్వూ మూసుకోరా కళ్లు!"

వాడు బుద్ధిగా మూసుకున్నాడు. అప్పుడా గదిలో కళ్లు తెరిచి చూస్తున్నది నాన్న ఒక్కడే.