చేతికి నేర్పని ప్రార్థన

బెల్‌ఫాస్ట్‌లో ఆ వేసవిలో ఎదురైనవాడి మొహం ఎవడూ చూడలేదు. వాడి మతమేదో తేల్చుకున్నాకే మాటైనా, దెబ్బైనా.

ఓడలు కట్టే యార్డులో ఐజాక్ మెగీ సుత్తి వేస్తుంటే, ఇనుపరేకుకు అవతల రేకులు అతికే కాలిన రివెట్టు మేకును అదిమి పట్టేవాడు ఫ్రాంక్ లావరీ. ఐజాక్ ప్రొటెస్టెంటు. ఫ్రాంక్ క్యాథలిక్కు. ఏళ్ల తరబడి ఒకడి దెబ్బకు ఇంకొకడు ఆనిక.

గొడవలు ముదిరాక ఫ్రాంక్ పని మానేస్తానన్నాడు.

"నా పక్కన నడువు. ఎవడేం పీకుతాడో చూస్తా," అన్నాడు ఐజాక్. అవతల పట్టేవాడు లేకపోతే తన సుత్తికీ పని లేదు. ఆ ముక్క పైకి అనలేదు.

ఒక జాగ్రత్త మాత్రం నేర్పాడు. పరలోక ప్రార్థనని క్యాథలిక్కులు "కీడునుండి మమ్మును తప్పించుము" దగ్గర ఆపేస్తారు. ప్రొటెస్టెంట్లు రాజ్యము, బలము, మహిమ అంటూ ఇంకాస్త సాగదీస్తారు. దారిన పోయేవాణ్ణి నిలబెట్టి ఆ చివరి ముక్క చెప్పించడమే అప్పటి పరీక్ష.

"ఇంత తోకెందుకురా మీకు? దేవుడికి చెవుడా?" అన్నాడు ఫ్రాంక్.

"నోర్మూసుకుని నేర్చుకో."

"నోరు మూసుకుని ఎలా నేర్చుకోనురా?"

ఆ సాయంత్రమే వంతెన మీద గుంపు అడ్డం పడింది. వేరే యార్డు వాళ్లు. ముందున్న వడ్రంగికి ఐజాక్ ప్రొటెస్టెంటు ఊరేగింపుల్లో ముఖపరిచయం.

"వీడెవడోయ్ మెగీ?"

"మనవాడే అన్నా."

"అయితే ప్రార్థన చెప్పడానికేం? కానియ్ తమ్ముడూ."

ఫ్రాంక్ తడబడకుండా చెప్పాడు, తోకతో సహా.

"మా పాస్టరుకంటే నయం," అని వడ్రంగి నవ్వి కర్ర దించాడు.

హమ్మయ్య అనుకున్నాడు కాబోలు ఫ్రాంక్, ఆమెన్ అనగానే కుడిచెయ్యి దానంతటదే లేచింది. నుదురు, గుండె, ఎడమ భుజం, క్యాథలిక్కులు వేసుకునే సిలువ గుర్తు. అక్కడ తెలిసొచ్చి ఆగిపోయింది. నోటికి నేర్పాడే గాని చేతికి నేర్పాలని ఐజాక్‌కి తట్టలేదు.

వడ్రంగి ఫ్రాంక్‌ని చూడలేదు. ఐజాక్‌ని చూశాడు.

"మనవాడన్నావే."

ఫ్రాంక్ కూడా ఐజాక్ వైపే చూస్తున్నాడు. వాళ్లమ్మ క్యాథలిక్కు, చిన్నప్పటి అలవాటు పోలేదు అనొచ్చు. అబద్ధం నాలిక చివరే ఉంది.

"నాకేం తెలుసన్నా? నన్నూ మోసం చేశాడు," అన్నాడు ఐజాక్.

ఫ్రాంక్ రెయిలింగు దాటి దూకేశాడు. ఆటుకి నదిలో నీళ్లు తీసిన వేళ, కింద మోకాటిలోతు బురద. అందులో పడుతూ లేస్తూ అవతలి ఒడ్డుకి పోతున్నాడు. గుంపు జేబుల్లోంచి రివెట్లు లేచాయి. ఎవరో ఒకటి ఐజాక్ అరచేతిలో పెట్టారు.

"మోసపోయినవాడివి, ముందు నువ్వు వెయ్."

తప్పిపోయేలా వేద్దామనుకున్నాడు. అందరూ తన చేతినే చూస్తున్నారు. వేశాడు. అది ఫ్రాంక్ చెవి వెనక తగిలింది. ఫ్రాంక్ చెవి పట్టుకున్నాడు, తిరిగి చూడలేదు, ఒడ్డెక్కి పోయాడు.

"గురి ఉందోయ్ నీకు," అని వడ్రంగి భుజం మీద చెయ్యేశాడు.

ఆ చెయ్యి పడగానే ఐజాక్‌కి హాయిగా అనిపించింది. ఇంకాసేపు అలాగే ఉంచితే బాగుండుననిపించింది.