పళ్లెం పట్టుకున్న మనిషి

డబ్బింగ్ గదిలో ఆమెను అందరూ గుంపక్క అంటారు. తెర మీద ఇల్లు తగలబడితే కేకలు ఆమెవే, శవం లేస్తే శోకాలూ ఆమెవే. ఇన్నేళ్లుగా పదిమందిలో ఒక గొంతే తప్ప, ఫలానా మనిషికి పలికింది ఈవిడే అనిపించుకున్న పాపాన పోలేదు.

అలాంటిది ఆ రోజు నక్క తోక తొక్కింది. పరాయి భాష నుంచి పాత సినిమా ఒకటి వచ్చింది. పెద్ద బంగళా. యజమానురాలికి పిచ్చి ఎక్కుతోందా, ఎవరైనా ఎక్కిస్తున్నారా అన్నది కథ. అందులో అందరూ పాలలో ముంచి తీసినట్టుంటారు. పనిమనిషి ఒక్కతే నలుపు, మన గుంపక్కలాగే. ప్రతి గదిలోనూ పళ్లెం పట్టుకుని నిలబడుతుంది, ఒక్క ముక్క మాట్లాడదు. కెమెరా చూపించేది కూడా ఆవిడ వీపే.

ఈ కాలంలో ఇలాగే వదిలితే జనం ఉతికి ఆరేస్తారని డబ్బింగ్ చేయించే పెద్దాయనకు భయం పట్టుకుంది. వీపు తిరిగి ఉంటే పెదాలు కనపడవు, ఏ మాటైనా అతికించొచ్చు. ఏదో ఒకటి పలకమని గుంపక్కకు అప్పగించాడు. బాగుంటే తెర మీద పేరు వేస్తాడట. లేకపోతే ఆ మనిషి మూగదే.

మిషను దగ్గర కూర్చునేది ఆమె అక్క మొగుడు. మరదల్ని ఏడిపించనిదే ఆయనకు తిన్నది అరగదు.

"వీపుకి గొంతిస్తున్నావంటగా మరదలా. ముఖం దాకా వచ్చేసరికి నీకు పళ్లూడతాయిలే."

"మీ ముఖం కంటే ఆ వీపే నయం బావా."

అంది గానీ, ఏం పలకాలి? టీ తేనా అమ్మగారూ అని చూసింది, అలాగే అయ్యగారూ అని చూసింది. నోట్లో సున్నం పెట్టుకున్నట్టుంది. బొమ్మ మళ్లీ వేయించుకుని చూస్తే ఒకచోట ఆమె చూపు ఆగిపోయింది. యజమానురాలికి మందులిచ్చే డాక్టరు బల్ల దగ్గర ఏదో చేస్తున్నాడు. చేతులు మనకు కనపడవు. వాటికి అడ్డంగా ఉన్నది పనిమనిషి వీపే.

"ఈవిడ చూసింది బావా. చివరిదాకా వీళ్లు వెతికేది ఈవిడ కళ్లముందే జరిగింది. అడిగితే చెప్పేదే."

"అడిగితే సినిమా అక్కడే అయిపోతుంది కదే."

ఆమె ఆగలేదు. "డాక్టరుగారూ, అమ్మగారి సీసాలో ఆ మాత్రలెందుకు పోస్తున్నారండీ?" అని పలికేసింది.

పెద్దాయన పరుగెత్తుకొచ్చాడు. గుట్టంతా మొదట్లోనే చెప్పి కొంప ముంచావన్నాడు, పనిమనిషిని మూగదానిగానే ఉంచుతానన్నాడు. బావ మాత్రం మిషను ఆపడం మరిచిపోయినట్టు నటించాడు. తెర మీద డాక్టరు బదులివ్వలేదు. పోలీసాయన వచ్చి, ఆమెను దాటుకుంటూ వెళ్లి, గోడలు తట్టి చూశాడు.

"నేను చూశానండీ," అంది గుంపక్క వీపు కోసం.

పోలీసాయన చుట్ట వెలిగించుకున్నాడు.

"అయ్యా, మీ పక్కనే నిలబడ్డాడండీ," అంది తర్వాతి గదిలో. ఆయన కిటికీ కింద భూతద్దం పెట్టి వెతుకుతున్నాడు.

పెద్దాయన నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నాడు. బావ కళ్లు తుడుచుకుంటున్నాడు. దొంగ ఎవరో తెలిసిపోయాక సినిమాలో భయం తగ్గాలి. తగ్గకపోగా, వినేవాడే లేడని రెట్టింపయింది.

చివరికి దొంగను తనే కనిపెట్టినట్టు పోలీసాయన ఉపన్యాసం దంచాడు. అప్పుడు, మొదటిసారిగా, పనిమనిషి ముఖం తెర నిండా వచ్చింది. పెదాలు బిగించి ఉంది.

"ఇక్కడ ఒక్క మాట పట్టదు మరదలా," అన్నాడు బావ. ఈసారి ఏడిపించడానికి కాదు.

గుంపక్క ఆ ముఖాన్నే చూస్తూ నిలబడింది. వీపుకి ఎన్ని మాటలిచ్చి ఏం లాభం, ముఖం మూగదైతే. నోరు తెరవకుండా పలికేది ఒకటుంది. మొగుడి తెలివితేటలు విన్న ప్రతి ఆడదానికీ అది వచ్చు.

"వెయ్యండి బావా."

పొట్టలోంచి తెచ్చి ముక్కుతో వదిలింది: "హుఁ."

పెద్దాయన కుర్చీలోంచి జారాడు. లేచాక, పేరు ఏమని వెయ్యమంటావని అడిగాడు.

"ముందు ఆవిడకో పేరు పెట్టండి. దాని పక్కన నాది వేద్దురుగాని."

ఆ సాయంత్రమంతా పేర్లు వెతికారు. వాళ్లావిడ పేరే పెట్టాలని బావ పట్టుబట్టాడు, ఆ "హుఁ" ఇంట్లో రోజూ వింటున్నాడట.