ఈరమ్మ మూడు గీతలు

నేను ఒక రాగి బిళ్ళను. ముందు ఈ ప్లాస్టిక్ కవరు సంగతి చెప్పాలి. ఊపిరాడదు. ఎండాకాలం ఒంటికి అతుక్కుంటుంది. నన్ను ఇందులో కుక్కిన సుదర్శనంగారు మాత్రం ఏసీ వేసుకుని పడుకుంటారు.

వందేళ్ల కిందట ఆదోనిలో ఒక పత్తి ప్రెస్సువాళ్లు నన్ను చేయించారు. గంపెడు పత్తిలో చెత్త ఏరితే కూలికి ఒక బిళ్ళ. కంపెనీ అంగట్లో తప్ప ఎక్కడా చెల్లను. అక్కడ జొన్నలతో పాటు రాళ్లు కూడా ఇచ్చేవాళ్లు, ఉచితంగా.

కూలీలు తమ బిళ్ళలు వారమంతా మేస్త్రీ దగ్గర దాచుకునేవాళ్లు. శనివారానికి ఒకటో రెండో తగ్గేవి. ఈరమ్మ అనే కూలీ మేకుతో నా వీపు మీద మూడు గీతలు గీసి మరీ దాచింది. ఆ శనివారం మేస్త్రీ జేబులోంచి నేను జారిపడ్డాను.

"ఇది నాదే మేస్త్రీ. గీతలు సూడు."

"గీతలు యాడైనా పడతాయిలే."

"యాడైనా పడేవి మూడూ ఒగే కొలతన పడతాయా?"

మేస్త్రీ నన్ను ఆమె చేతిలో పెట్టాడు. ఈరమ్మ నన్ను జొన్నలకు మార్చలేదు. ఆ పూట పస్తుండి, నన్ను వక్కాకు సంచిలో వేసుకుంది. బతికినంత కాలం అక్కడే ఉన్నాను.

ఆమె పోయాక పాత సామాన్లవాడి దగ్గర చిలుము పట్టి పడి ఉంటే, కర్నూలు కరెంటాఫీసు సుదర్శనంగారు కొన్నారు. గీతలు చిలుము కింద దాగిపోయాయి. "ఈ పచ్చదనమే దీని అందం. వేలు పెట్టొద్దు," అని వచ్చినవాళ్లందరికీ చెప్పి, వేలు పెట్టి చూపించేవారు.

ఆదివారం నాణేల ప్రదర్శన. నిన్న ఆయన భార్య వసుంధరగారు దేవుడి చెంబులు తోముతూ, పక్కనే ఉన్నాను కదా అని నన్నూ కవర్లోంచి తీసి చింతపండేసి తోమేశారు.

"ఏం పని చేశావే!"

"చిలుము పట్టిన రాగిని అట్లే పెట్టుకుంటారా ఎవరన్నా?"

"ఈ గీతలేంది? పీచుతో గీకినావా?"

"పీచుతో మూడు గీతలు కొలిచి గీస్తారాండీ?"

ఆయన ఈ మాట వినలేదు. రేపు పదింటికి కంసాలి దగ్గర నన్ను అరగదీయిస్తారట. తర్వాత ఉప్పూ నిమ్మరసం పూసి కొత్తగా చిలుము పట్టిస్తారట. ఆ పాతదనం చూసి జనం ముచ్చటపడాలి.

మేస్త్రీని అడగడానికి అప్పుడు ఈరమ్మ ఉంది. నాకా, నోరు లేదు. ఇవి దెబ్బలు కావని, ఒక మనిషి చేతిరాతని ఈయనకు ఎవరు చెప్తారు? పదింటిలోపు ఏదైనా ఉపాయం ఉంటే చెప్పండి బాబూ, మీ కాళ్లు పట్టుకుంటాను.