జార్జియాలో మెస్సు

జార్జియా ప్రయాణం మూడోసారి వాయిదా పడిందని స్టీఫెన్ చెప్పేటప్పటికి శాలిని పప్పులోకి తిరగమోత వేయిస్తోంది. ఆ మాటకి గరిట ఆగిపోయింది. ఎండుమిరపకాయలు నల్లబడి, ఆవాలు మాడిన వాసన ఇల్లంతా కమ్ముకుంది.

"అక్టోబరైతే అన్నివిధాలా బాగుంటుంది," అన్నాడు స్టీఫెన్, ల్యాప్‌టాప్ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి. "సెప్టెంబరులో అక్కడ కాలేజీలు అప్పుడే మొదలవుతాయి. పిల్లలు కుదురుకోవాలి కదా. అంతా ఒక చార్టు వేశాను, చూడు."

శాలిని చూడలేదు. మాడిన నూనె ఒంపేసి, మూకుడు కడిగి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

"ఏప్రిల్ అన్నారు. తర్వాత జూన్ అన్నారు. నిన్నటిదాకా ఆగస్టు అన్నారు. ఆగస్టు సగం అయిపోయింది," అంది.

"తొందరపడితే అయ్యే పని కాదు శాలినీ. దేశం కాని దేశం."

పన్నెండున్నరకల్లా క్యారేజీలు వెళ్ళాలి. ఆమె మళ్ళీ ఆవాలు వేసింది.

భవానీపురంలో వాళ్ళుండే ఇంటి కింద వాటాలోనే ఏడేళ్ళుగా ఆమె మెస్సు నడుపుతోంది. చుట్టుపక్కల గదుల్లో ఉండి చదువుకునే పిల్లలకి, ఒంటరిగా ఉండే ఉద్యోగస్తులకి మధ్యాహ్నం, సాయంత్రం క్యారేజీలు పంపుతుంది. స్టీఫెన్ పద్దెనిమిదేళ్ళు హనుమాన్ జంక్షన్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగు చూశాడు. ఓనరు ఆఫీసు మూసేశాక ఇంటికొచ్చి, స్కూటరు మీద క్యారేజీలు పంచడం మొదలుపెట్టాడు. ఒకప్పుడు అరవై క్యారేజీలు వెళ్ళేవి. ఈమధ్య హాస్టళ్ళన్నీ సొంత వంటశాలలు పెట్టుకోవడంతో కొన్ని తగ్గాయి. మిగిలినవాళ్ళలో సగం మంది, "మేం దేశం విడిచి వెళ్ళిపోతున్నాం, వేరేచోట చూసుకోండి" అని శాలిని స్వయంగా చెప్పాక వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళారుగానీ వీళ్ళు వెళ్ళలేదు.

దీనికంతటికీ మొదలు శాలిని తమ్ముడు ఆరోన్. జార్జియాలో కుతైసి అనే చిన్న ఊళ్ళో, డాక్టరు చదువుకి వెళ్ళిన మన పిల్లల హాస్టలు చూసుకుంటూ ఉంటాడు. క్రిస్మస్‌కి ఫోన్ చేసినప్పుడు అన్నాడు: "అక్కా, ఇక్కడ మన తెలుగు పిల్లలు మూడొందల మందికి తక్కువ ఉండరు. రొట్టె, చీజు తినలేక ఏడుస్తున్నారు. చిన్న దేశం, ఖర్చు తక్కువ, అద్దెలు మనం భరించగలిగినంతే. నువ్వూ బావా వచ్చి మెస్సు పెట్టండి. నీ చేతి గోంగూర పప్పు ఒక్కరోజు తింటే మళ్ళీ ఇంకో గడప తొక్కరు."

శాలిని నవ్వి ఊరుకుంది. స్టీఫెన్ ఊరుకోలేదు. జనవరంతా జార్జియా వీడియోలే. అక్కడి బస్సులు, బియ్యం, చలికి ఇల్లు వెచ్చచేసుకునే పద్ధతులు, అన్నీ ల్యాప్‌టాప్‌లో ఎక్కించాడు. తీసుకెళ్ళాల్సినవి, అమ్మాల్సినవి, శాలిని పుట్టింట్లో పెట్టాల్సినవి అని మూడు లిస్టులు రాశాడు. వింటూ వింటూ శాలినికి కూడా ఆశ పుట్టింది. హైదరాబాదు దాటి ఎరగని మనిషి ఆమె. కొండల మధ్య ఒక ఊళ్ళో, తన పేరుతో బోర్డున్న ఒక గది, అందులో నాలుగు బల్లలు, ఆకలితో వచ్చి కూర్చునే పిల్లలు. రోజూ అంట్లు తోముతూ ఆ గదిని చూసుకునేది.

ఆశ పుట్టాక ఆమె ఆగలేదు. పెద్ద గ్రైండరు అమ్మేసింది. పదో తరగతి పరీక్షలు రాసిన కూతురు ఏంజెల్‌ని ఇంటర్‌లో చేర్చకుండా ఆపింది. అక్కడికెళ్ళాక ఆన్‌లైన్‌లో చదివిద్దామని స్టీఫెన్ అన్నాడు మరి. ఆ పిల్ల నాలుగు నెలలుగా ఇంట్లో కూర్చుని, కాలేజీ బ్యాగులతో వెళ్ళే స్నేహితురాళ్ళని డాబా మీంచి చూస్తోంది.

కుతైసిలో పెట్టబోయే మెస్సు శాలిని పేరు మీద రిజిస్టరైంది కాబట్టి భర్తగా స్టీఫెన్ వెళ్ళాలంటే పెళ్ళి సర్టిఫికెట్ కావాలన్నారు వీసా ఏజెన్సీ వాళ్ళు. వాళ్ళ పెళ్ళి ఉయ్యూరు చర్చిలో జరిగింది. జూలైలో ఒకరోజు ఇద్దరూ బస్సెక్కి వెళ్ళారు. పెళ్ళి చేసిన పాస్టరు అబ్రహాముగారు పెద్దవాడైపోయాడు. బీరువా అంతా వెతికి పాత రిజిస్టరు తీసి, కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. అందులో పెళ్ళికొడుకు పేరు 'స్టీవెన్' అని ఉంది.

"అప్పుడు నాకట్లా వినిపించిందమ్మా," అన్నాడాయన.

"ఇప్పుడు మార్చలేరాండీ?" అంది శాలిని.

"రిజిస్టరు దిద్దకూడదు తల్లీ. ఇద్దరూ ఒకటేనని లెటరు రాసిస్తా. కమిటీవాళ్ళ సంతకాలు కూడా కావాలి."

ఆ సంతకాల సంగతి తేల్చాల్సిందిపోయి స్టీఫెన్, జార్జియాలోని పాత పాత చర్చిల గురించి పాస్టరుగారికి గంటసేపు చెప్పాడు. ఆయన సంతోషంగా విన్నాడు. శాలిని ఆ ఉక్కలో, తిరగని ఫ్యాను కింద, సాయంత్రం క్యారేజీలకి టైమవుతోందని వాచీ చూసుకుంటూ కూర్చుంది. ఆ లెటరు కోసం తర్వాత ఆమె ఒక్కతే రెండుసార్లు తిరిగింది. ఒకసారి పాస్టరుగారు గుడివాడ ప్రార్థన కూటాలకి వెళ్ళారు. ఇంకోసారి చర్చి ముద్ర కనబడలేదు. నాలుగో ప్రయాణంలో లెటరు దొరికింది.

అంత కష్టపడి తెచ్చిన లెటరు ఫైల్లో పెట్టుకుని స్టీఫెన్ ఇవాళ అక్టోబరంటున్నాడు.

క్యారేజీలు పంపేసి, చెయ్యి కడుక్కుని, శాలిని చీర మార్చుకుంది.

"పదండి, ఏజెన్సీకి వెళ్దాం. అక్టోబరైనా ఏదైనా ఇవాళ కాయితాలు ఇచ్చేద్దాం."

"ఇవాళా? ఇంకొకటి రెండు సరిచూసుకోవాలి."

"అక్కడే సరిచూసుకుందాం."

ఏజెన్సీలో ఉన్న అమ్మాయి ఫైలు ఒక్కో కాయితమూ తిప్పింది. శాలినిది అయింది, ఏంజెల్‌ది అయింది. స్టీఫెన్ పాస్‌పోర్టు తెరిచి, ఒక్క నిమిషం చూసి, దాన్ని బల్ల మీద ఇటువైపు తిప్పి పెట్టింది.

"సార్, ఇది మార్చిలోనే ఎక్స్‌పైర్ అయిందండీ."

"అవునా?" అన్నాడు స్టీఫెన్.

పంతొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషి. ఆ 'అవునా'లో ఆశ్చర్యం లేదని శాలినికి వెంటనే తెలిసిపోయింది. ఫైలు తీసుకుని లేచింది. స్కూటరు మీద ఇద్దరూ ఇంటికొచ్చారు.

ఇంట్లో అత్తగారు అమలమ్మ నేల మీద కూర్చుని సాయంత్రానికి దొండకాయలు తరుగుతోంది. శాలిని చెప్పులు కూడా విప్పకుండా అడిగింది.

"మీకు ఎప్పట్నించి తెలుసు?"

స్టీఫెన్ మంచం మీద కూర్చున్నాడు. "ఫిబ్రవరిలో చూశాను," అన్నాడు.

"ఫిబ్రవరిలో చూసి?"

"రెన్యువల్‌కి పెడదామనుకున్నా. రేపు, ఎల్లుండి అనుకుంటూ..."

"మరి నన్ను ఉయ్యూరు నాలుగుసార్లు ఎందుకు తిప్పారు? మీ కాయితం కోసం కాదా నేను తిరిగింది? పాస్‌పోర్టే లేని మనిషికి పెళ్ళి సర్టిఫికెట్టు దేనికండీ? గ్రైండరు అమ్ముతుంటే చూస్తూ ఊరుకున్నారు. క్యారేజీలవాళ్ళని పొమ్మంటుంటే ఊరుకున్నారు. పొద్దున కూడా చార్టు వేశానన్నారు."

అతను తల దించుకునే చెప్పాడు. "జంక్షన్‌లో నలభై మంది డ్రైవర్లు నన్ను సార్ అనేవాళ్ళు. ఇక్కడ క్యారేజీలు పట్టుకెళ్తున్నా ఎవరో ఒకళ్ళు ఇంకా అట్లాగే పలకరిస్తారు. అక్కడ నేనెవర్ని? ఆరోన్ బావని. పిల్లలు తిన్న ప్లేట్లు తీసేవాణ్ణి. భాష రాదు. ఆ చలి. వీడియోలు చూసినకొద్దీ భయం ఎక్కువైంది. నువ్వు చూస్తే రోజురోజుకీ గట్టిపడుతున్నావు. నీకు చెప్పడానికి సిగ్గేసింది."

శాలినికి జాలేసింది. కోపం మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు. ఈ ముక్క జనవరిలో చెప్పి ఉంటే ఇద్దరూ కూర్చుని ఏదో ఒకటి ఆలోచించేవాళ్ళు. ఎనిమిది నెలలు ఆమె గోడకి తలబాదుకుంటూ, తప్పు పాస్టరుగారిదో, ఏజెన్సీదో, తన అదృష్టానిదో అనుకుంది.

"డాడీ," అంది పక్కగది గుమ్మంలోంచి ఏంజెల్. ఎప్పుడొచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు. "భయమేస్తోందని చెప్పుంటే నేను జూన్‌లోనే కాలేజీలో చేరేదాన్ని కదా."

స్టీఫెన్ ముఖం ఎర్రబడింది.

అమలమ్మ కత్తిపీట పక్కకి జరిపింది. "ఆ పాస్‌పోర్టు వీడు యెరూషలేము యాత్రకని తీసిందే కదమ్మా. సంఘమంతా వెళ్ళారు. వారం ముందు నడుం నొప్పన్నాడు. నేను నిజమే అనుకుని కాపడం పెట్టాను." కొడుకు వైపు చూడకుండా శాలినితో అంది: "నీ కాయితాలు బాగానే ఉన్నాయిగా. నువ్వెళ్ళు."

"నేనొక్కదాన్నా, అత్తయ్యా?"

"అక్కడ నీ తమ్ముడున్నాడు. ఇక్కడ పిల్లని నేను చూసుకుంటా. వీడు వండుతాడు, నేను పక్కన కూర్చుని చెప్తా."

శాలిని అప్పుడు చెప్పులు విప్పింది. దొండకాయ వేపుడు చేసి క్యారేజీలు సర్దింది. మర్నాడు పొద్దున్నే ఏంజెల్‌ని వెంటబెట్టుకుని కాలేజీలకి వెళ్ళింది. రెండు కాలేజీల్లో సీట్లు లేవన్నారు. మూడో చోట ప్రిన్సిపాల్, ఇంత ఆలస్యంగా తెస్తే పిల్ల ఎట్లా అందుకుంటుందని నిలబెట్టి చీవాట్లు పెట్టాడు. ఆ చీవాట్లు పడాల్సింది తను కాదని తెలిసినా శాలిని పడింది. చివరికి సీటు ఇచ్చాడు.

"నాకు ఇక్కడే నయం మమ్మీ," అంది ఏంజెల్ బయటికొచ్చాక. "ఇంటర్ అయ్యాక వస్తా. నువ్వు ఆగకు."

అటునుంచి అటే ఏజెన్సీకి వెళ్ళి, "నాది ఒక్కటే పెట్టండి," అని చెప్పింది శాలిని.

ఒక్కదానిదైనా తేలిగ్గా కాలేదు. ఫొటో వెనక గోడ తెల్లగా లేదని ఒకసారి, ఆరోన్ పంపిన అద్దె అగ్రిమెంటులో ఒక పేజీ లేదని ఇంకోసారి తిప్పి పంపారు. సెప్టెంబరు అంతా అట్లాగే గడిచింది. ఆ నెల రోజులూ శాలిని స్టీఫెన్‌కి వంట నేర్పింది. పప్పులో ఉప్పు ఎన్ని గ్రాములు వేయాలని అడిగి రాసుకున్నాడు. "చేతికి తెలుస్తుందండీ" అంటే, "చేతికి తెలిసేదాకా ఎంతో చెప్పు" అన్నాడు. ఆమెకి చిరాకొచ్చి గరిట అమలమ్మ చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయేది. రెండుసార్లు క్యారేజీలు తిరిగొచ్చాయి. మూడోవారానికి తిరిగి రావడం మానేశాయి.

అక్టోబరు ఆఖర్లో వీసా వచ్చింది. శాలిని చింతపండు, కారం, ఎండుగోంగూర, ఇంగువ, రెండు కుక్కర్లు సర్దుకుంది. గన్నవరంలో విమానం ఎక్కేముందు స్టీఫెన్ ఆమె బ్యాగు పట్టుకుని గాజు తలుపుదాకా వచ్చాడు.

"కోపం పోలేదా?" అన్నాడు.

"పోలేదు," అంది. "చేరాక ఫోన్ చేస్తా."

కుతైసిలో మొదటిరోజు పదకొండు మంది వచ్చారు. అద్దెకి తీసుకున్న గదిలో పొయ్యి మంట చాలక అన్నం పలుకుపలుకుగా మిగిలింది. ఆ అన్నాన్ని కూడా ఒక గుడివాడ పిల్ల రెండోసారి వడ్డించుకుని, తలెత్తకుండా తింది. శాలిని చూస్తూ నిలబడి, ఈ పిల్ల ఏంజెల్‌కన్నా రెండేళ్ళు పెద్దదై ఉంటుందనుకుని, గదిలోకి వెళ్ళి కాసేపు ఏడ్చింది. తర్వాత ఆరోన్‌ని పిలిచి వేరే పొయ్యి తెప్పించింది. కింద వాటాలో ఉండే ఇంటావిడతో ఒక్క మాటా కలవదు. నీళ్ళు రాకపోతే కుళాయి చూపించి చెయ్యి ఊపాలి, ఆవిడేదో చెప్పి తనూ చెయ్యి ఊపుతుంది. నీళ్ళు మర్నాటికిగానీ రావు. అయినా నెల తిరిగేసరికి యాభై మంది అయ్యారు.

డిసెంబరు మొదట్లో స్టీఫెన్ ఫోన్ చేశాడు.

"పాస్‌పోర్టు వచ్చింది," అన్నాడు. "కొత్తది. ఫొటో పంపాను చూడు."

శాలిని చూసింది. పదేళ్ళకి పనికొచ్చే పాస్‌పోర్టు.

"ఏప్రిల్‌లో ఏంజెల్ పరీక్షలయ్యాక నేను ఒక నెల రోజులు వచ్చి చూస్తా. ప్లేట్లు తియ్యమన్నా తీస్తాలే."

ఆ మాట నమ్మాలని ఆమెకి ఉంది. ఏప్రిల్ అనే మాట మాత్రం ఇంతకుముందు కూడా అతని నోటనే విన్నది.

"మంచిది," అంది. "మీరు టికెట్టు తీశాక ఏంజెల్‌కి చెప్పండి. ముందే చెప్పకండి."

"సరే," అన్నాడు స్టీఫెన్.

బయట మంచు పడుతోంది. ఆరోన్ తెచ్చిపెట్టిన బియ్యం బస్తా గుమ్మంలోనే తడుస్తోంది. శాలిని ఫోన్ పక్కన పెట్టి, కొంగు బిగించి, బస్తా చెవులు రెండు చేతులా పట్టుకుని లోపలికి లాక్కుంది.