మీరు గుంపు కిందికి రారు

“మీ ఆయన ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ కొడతాడా, నిన్నొక్కదాన్నేనా?”

విచారణ గది బయట నడవా తుడుస్తున్న కందెలారియా చెయ్యి ఆగిపోయింది. టెక్సాస్‌లో, సరిహద్దు కంచెకు గంట దూరంలో, ఆశ్రయం అడిగిన ఆడవాళ్ళను పెట్టి తాళం వేసే చోటు అది. తుడిచేదీ వండేదీ లోపలున్న ఆ ఆడవాళ్ళే, కందెలారియా లాంటివాళ్ళే. గోడలు అట్టముక్కలంత పలచన. అడిగినవాడు వెల్డన్ అనే అధికారి. ఆ ప్రశ్నను స్పానిష్‌లోకి మార్చి చెప్పింది బల్లమీది ఫోనులో ఎవరిదో గొంతు. జవాబు చెప్పాల్సింది నిల్సా. హోండురాస్ పిల్ల, ఇరవై మూడేళ్ళు, ఎడమ చెవి సగమే ఉంది.

“నన్నేనయ్యా. వాడి పెళ్ళాన్ని నేనే కదా.”

“అయితే అది మీ ఇంటి గొడవ. జాతి వల్లనో, మతం వల్లనో, రాజకీయం వల్లనో, ఒక గుంపుకు చెందడం వల్లనో హింసిస్తేనే చట్టం ఆశ్రయమిస్తుంది. మొగుడి చేత దెబ్బలు తిన్న ఆడవాళ్ళు గుంపు కిందికి రారు.”

“పోలీసుల దగ్గరికి పోయాను. నవ్వారు.”

“నవ్వడం నేరం కాదు.”

అంతే. ఒక ఆడదాని ప్రాణానికి నలభై నిమిషాలు. ఆ పెద్దమనిషి కాగితం మీద ముద్ర గుద్ది, కందెలారియా అప్పుడే తుడిచిన నేలను బూట్లతో తొక్కుకుంటూ భోజనానికి పోయాడు. మొగుడు చెవి కోసేటప్పుడు ‘నువ్వు ఫలానా గుంపు గనక కోస్తున్నా’నని చెప్పి కొయ్యాలట! అలా చెప్పి కోసే మొగుణ్ణి ఏ దేశం కన్నదో, ఆ చట్టం రాసిన మహానుభావులే చూపించాలి.

కందెలారియాది గ్వాటెమాలా కొండల్లో మామ్ అనే ఆదివాసీ జాతి. మొగుడు కాఫీ తోటలో మేస్త్రీ. పగలు కూలీలను కొట్టిన చేత్తోనే ఇంటికొచ్చి ఆమెను కొట్టేవాడు. ఒకసారి తోటకత్తిని బల్లపరుపుగా తిప్పి కొట్టి భుజం విరగ్గొట్టాడు. తోట యజమాని, “వాడు పనిమంతుడు, సర్దుకుపో” అన్నాడు. నాలుగుసార్లు స్టేషన్ మెట్లెక్కితే నాలుగుసార్లూ “ఇంటి గొడవ” అన్నారు. ఆ మాటను ఆమె తన మామ్ భాషలో విన్నది, స్పానిష్‌లో విన్నది. దాన్ని తప్పించుకోవడానికే వెయ్యి మైళ్ళు దాటి వచ్చింది. ఇక్కడ కొత్తగా ఇంగ్లీషులో వింటోంది.

గురువారం నిల్సాను నడుముకు గొలుసు కట్టి హోండురాస్‌కు తిప్పి పంపారు. పదకొండో రోజున నిల్సా ఇంటికి ఫోను చెయ్యడానికి వెళ్ళిన ఎర్లిందా గోడ పట్టుకుని తిరిగొచ్చింది. అరవై ఏళ్ళ మనిషి గనక అందరూ మర్యాదకు ఆమెను దోన్యా ఎర్లిందా అంటారు.

“నిల్సా మొగుడు ఊరి బస్టాండులోనే కాచుకున్నాడంట. పిల్ల బస్సు దిగీ దిగకముందే చంపేశాడంట.”

మధ్యాహ్నం చల్లారిన చిక్కుడుగింజల ముందు ఎనభై మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒక్కరూ తినలేదు.

“పని మానేద్దాం,” అంది రోసిబెల్. ఎల్ సాల్వడార్‌లో కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. “వాళ్ళ పాయిఖానాలు కడిగేది మనం. వాళ్ళకు వండి పెట్టేది మనం. మళ్ళీ మనమే వాళ్ళ ముందు ఒక్కొక్కరం పోయి వణుకుతాం. ఏందే ఈ కర్మ?”

“రేపు సోమవారం నా విచారణ ఉందమ్మా,” అంది దోన్యా ఎర్లిందా. “నా నోట్లో మట్టి కొట్టొద్దు.”

“నిల్సా ఏ గొడవా చెయ్యలేదు కదా దోన్యా! బుద్ధిగానే ఉంది. ఏమైంది?”

“నీకు పిల్లల్లేరు గనక అంటున్నావు!”

“ఉన్నారు. నన్ను కొట్టినవాడి దగ్గరే ఉన్నారు.”

కందెలారియా లేచింది. నలుగురిలో మాట్లాడి ఎరగదు.

“దోన్యా, సోమవారం నువ్వొక్కదానివే పోతే నీది ఇంటి గొడవ అంటాడు. మంగళవారం నన్నూ అదే అంటాడు. ఎనభై ఇళ్ళల్లో ఒకటే గొడవైతే అది ఇంటి గొడవ ఎట్లా అవుతుంది? అందరం ఒకేసారి పోదాం. వాణ్ణే లెక్కపెట్టుకోమందాం.”

దోన్యా ఎర్లిందా ముందున్న కంచాన్ని పక్కకు జరిపింది. “నాకు మోకాళ్ళ నొప్పి. కింద కూర్చుంటే ఎవరన్నా లేపాలి,” అంది.

మర్నాడు పొద్దున చీపుళ్ళు, గరిటెలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఎనభై మందీ వచ్చి విచారణ గది ముందు కూర్చున్నారు. వెల్డన్ తలుపు తీశాడు.

“ఎవరి వంతు?”

“అందరిదీ,” అంది రోసిబెల్.

“వకీళ్ళను లోపలికి రానివ్వండి. విచారణలు మళ్ళీ చెయ్యండి. నిల్సా చచ్చిపోయిందని మీ కాగితం మీద రాయండి,” అంది కందెలారియా.

కాపలావాళ్ళు అరిచారు. ఫోన్లు కోసేశారు. మూడో రోజుకు అధికారుల పాయిఖానాలు కంపు కొట్టాయి. దేశాన్ని కాపాడే వీరులు ముక్కులు మూసుకుని నడిచారు. ఒకడు చీపురు తిరగేసి పట్టుకుని నిలబడితే ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. నవ్వడం నేరం కాదు కదా.

ఆ సాయంత్రం జైలును గుత్తకు నడిపే కంపెనీ మేనేజరు కందెలారియాను పిలిచి కుర్చీ వేశాడు.

“నీ కేసు గట్టిది. వచ్చే వారమే జడ్జి ముందుకు పంపిస్తాం. వాళ్ళను లేవమని ఒక్క మాట చెప్పు.”

ఆమెకు చికాగోలో చెల్లెలి ఇంట్లో ఎనిమిదేళ్ళ కూతురుంది. ఆ పిల్ల జడ వేసి ఏడు నెలలైంది.

“దోన్యా ఎర్లిందా సంగతి?”

“ఎవరి కేసు వాళ్ళదే.”

కందెలారియా కుర్చీలోంచి లేచింది. “మా తోట యజమాని కూడా నీలాగే కుర్చీ వేసేవాడు. కూలీల్ని విడగొట్టాల్సి వచ్చినప్పుడే.”

వారం తిరక్కుండా వకీళ్ళు లోపలికి వచ్చారు. పందొమ్మిది మందికి మళ్ళీ విచారణ జరపాలని తేలింది. అందులో దోన్యా ఎర్లిందా ఉంది. నిల్సా పేరు మాత్రం ఏ కాగితం మీదా రాయలేదు. కందెలారియాను నడుముకు గొలుసు కట్టి, మూడు వందల మైళ్ళ దూరాన ఇంకో జైలుకు తోలారు. విడదీస్తే సద్దుమణుగుతుందనుకునే తెలివి తక్కువ దద్దమ్మలు వాళ్ళు.

అక్కడ మొదటి రోజు భోజనాల దగ్గర ముక్కూ మొహం తెలియని ఒకామె పక్కకు జరిగి చోటిచ్చింది.

“గొలుసుల్తో తెచ్చారు. ఏం చేశావక్కా?”

కందెలారియా నిల్సా దగ్గర మొదలుపెట్టి చెప్పింది. రెండో బల్ల నుంచి ఒకామె కంచం పట్టుకుని వచ్చి కూర్చుంది. తర్వాత ముగ్గురు. తర్వాత లెక్క తెలియలేదు.

“ఎవరి చోటికి వాళ్ళు పొండి!” కాపలావాడు కేకేశాడు.

ఒక్కరూ కదల్లేదు. “ఊఁ, తర్వాత?” అన్నారు ఆడవాళ్ళు.