బావ నింపిన గ్యాస్

మల్లవ్వ చేతులు కాలి మూడు రోజులైంది. ఆ మూడు రోజులూ స్వర్ణలతకు అన్నం సహించలేదు, కోపమూ దిగలేదు. ఒక్కడి మీదైతే ఎలాగో దిగేదేమో. ఇద్దరి మీద ఉంది మరి.

మొదటివాడు మేనేజర్ త్రిమూర్తులు. నాచారంలో పాత ఫ్రిజ్‌లు విప్పే షెడ్డు అతని చేతికింద నడుస్తుంది. అక్కడ ఆడవాళ్లు ఇద్దరే, స్వర్ణలతా మల్లవ్వా. ఇళ్ల నుంచి వచ్చిన ఫ్రిజ్‌లలో మిగిలిన గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా మిషన్‌తో లాగి సిలిండర్లో పట్టడం వాళ్ల పని. అది గాలిలో కలిస్తే ఎండలు ఇంకా ముదురుతాయని ట్రైనింగ్‌లో చెప్పారు. ఉప్పల్ ఎండ ఎరిగిన మల్లవ్వ ఆ మాటను గట్టిగా పట్టుకుంది. పైపుకు రంధ్రం పెట్టే ముందు రెండుసార్లు చూసుకునే మనిషి ఆమె. ఆ పాత ఫ్రిజ్‌ల గ్యాస్ మామూలుగా అంటుకోదు, పైపు మూతి దగ్గర కాస్త లీకైనా ఏమీ కాదు. అలాంటిది మంగళవారం మిషన్ స్విచ్ నొక్కగానే భగ్గుమంది.

దానికి త్రిమూర్తులు రిపోర్టులో ఏం రాశాడో తెలుసా? ఆమె బీడీ ముట్టించి ఉంటుందని రాశాడు! మల్లవ్వ సిద్దిపేటలో పాతికేళ్లు బీడీలు చుట్టిందే గానీ, ఒక్కటంటే ఒక్కటి నోట పెట్టిన పాపాన పోలేదు. చేతులకు కట్లతో దవాఖానాలో పడి ఉన్న మనిషిని నిర్లక్ష్యం పేరు పెట్టి పనిలోంచి తీసేస్తాడట, సోమవారం ఆ కాగితం పైకి పోతుందట. నోట్లో నాలుక లేనివాళ్లంటే ఎవడికైనా లోకువే.

రెండోవాడు ఎవడో శుక్రవారం దాకా తెలియలేదు. ఆ రోజు స్వర్ణలత కాలిన ఫ్రిజ్ వెనక్కి వంగి చూస్తే కంప్రెసర్ నూనెలోంచి గుప్పుమని వాసన వచ్చింది, వంటింట్లో సిలిండర్ లీకైనప్పుడు వచ్చే వాసన. కంపెనీ ఫ్రిజ్ గ్యాస్‌కు ఆ వాసన ఎక్కడిది? రిపేరుకు పోయిన మహానుభావుడెవడో ఖర్చు తక్కువని వంటగ్యాస్ ఎక్కించాడు. కంప్రెసర్ మీద మాత్రం పాత గ్యాస్ పేరే ఉంచాడు. ఎవడా అని ఫ్రిజ్‌ను పక్కకు తిప్పితే స్టిక్కర్ కనపడింది: బాలరాజు ఫ్రిజ్ వర్క్స్, రామంతాపూర్. సొంత అక్క సరిత మొగుడు. స్వర్ణలతకు అరికాలి మంట నెత్తికెక్కింది.

షేర్ ఆటో ఎక్కి ఆమె రామంతాపూర్ చేరేసరికి బాలరాజు భోజనానికి కూర్చున్నాడు. మరదలిని చూసి ఎప్పటిలాగే, అక్క వండిన పప్పు వాసన నాచారం దాకా కొట్టిందా అని హాస్యమాడాడు. ఆమె నవ్వలేదు, కూర్చోనూ లేదు. జరిగిందంతా చెప్పి, సోమవారంలోగా మేనేజర్ ముందుకు వచ్చి ఆ గ్యాస్ నింపింది నేనేనని ఒక్క మాట చెప్పమంది. అతను ముద్ద కలుపుతూనే కుదరదన్నాడు. తానొక్కడేనా, అందరూ నింపుతారన్నాడు. గరీబోళ్లకు తక్కువలో పని చేసిపెట్టడం పుణ్యమే గానీ పాపమెలా అవుతుందన్నాడు. ఒప్పుకుంటే గిరాకీ పోతుందన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది, మల్లవ్వ కూడా కాస్త చూసుకోవాల్సిందన్నాడు.

"ఏం జూసుకోవాలె బావా? నీ పేరు, ఫోన్ నంబరు ఇంతింత అక్షరాలల్ల అతికిచ్చుకున్నవ్. గ్యాస్ పేరు రాసెతందుకు నీ చెయ్యి పడిపోయిందా?"

"అదేం గాదు స్వర్ణా. ఇన్నేండ్ల సంది నింపుతున్న, ఏమైంది?"

"ఏం గాకుంటే జెప్పు. గీ ఇంట్ల ఫ్రిజ్‌ల ఏం నింపినవ్?"

అతను మజ్జిగ గ్లాసు అందుకున్నాడు. వంటింటి గడపలో నిలబడ్డ సరితే జవాబిచ్చింది. ఈ ఇంటికి కంపెనీ గ్యాసే తెచ్చాడని, దానికోసం ఉప్పల్ దాకా పోయి వచ్చాడని పాపం గొప్పగానే చెప్పింది. చెప్పాక ఆమె ముఖం మారిపోయింది. మేడిపల్లిలో తమ తల్లి ఫ్రిజ్ పొయ్యికి జానెడు దూరంలో ఉంటుంది. మొన్న ఎండాకాలంలో దాన్ని బాగుచేసింది కూడా బాలరాజే.

"మా అమ్మ ఫ్రిజ్‌ల ఏం నింపినవ్?" అని అడిగింది సరిత.

బాలరాజు కంచంలోకి చూశాడు.

ఆమె కేకలేయలేదు. తల్లికి ఫోన్ చేసి, పొయ్యి ముట్టించొద్దని, స్విచ్‌లు ముట్టుకోవద్దని, తలుపులు బార్లా తీసి వాకిట్లో కూర్చోమని చెప్పింది. ఫోన్ పెట్టేసి కొక్కేనికున్న చొక్కా తీసి మొగుడి ముఖాన కొట్టింది. ఇప్పుడే మేడిపల్లి పోయి ఆ ఫ్రిజ్ సంగతి చూడాలి, తెల్లారి నాచారం పోయి నిజం చెప్పాలి, లేదంటే తానే పోయి చెబుతానంది. అతను సగం అన్నంలో లేచాడు. స్వర్ణలతకు జాలి కలగలేదు సరికదా, ఒళ్లు ఇంకా మండింది. అత్త పేరు వచ్చాక లేచిన మనిషి, మల్లవ్వ పేరు చెప్పినప్పుడు ముద్ద కూడా దించలేదు.

శనివారం పొద్దున స్వర్ణలత దవాఖానాలో చెప్పి మల్లవ్వను ఆటోలో షెడ్డుకు తీసుకొచ్చింది. బావ మాట మారిస్తే మల్లవ్వే ముఖం మీద అడగనీ అనుకుంది. మల్లవ్వకు రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లున్నాయి. వంటగ్యాస్ నింపింది తానేనని, ఆ సంగతి ఫ్రిజ్ మీద రాయలేదని అప్పటికే వచ్చి మేనేజర్ ముందు నిలబడ్డ బాలరాజు గొణిగాడు. త్రిమూర్తులు వెంటనే, పోనీలెండి, పొరపాటు ఎవరికైనా జరుగుతుందని సర్దబోయాడు. ఈ దయ మంగళవారం ఎక్కడికి పోయిందో!

మల్లవ్వ బాలరాజును ఎగాదిగా చూసింది.

"అంటుకుంటదని నీకు ఎరికేనా బిడ్డా?"

"ఎరికే" అన్నాడు అతను.

ఆమె తిట్టలేదు, పోనీలే అని కూడా అనలేదు. మేనేజర్ వైపు తిరిగింది.

"ఇన్నరా సార్? పొరపాటు గాదంట. మొదలు ఆ బీడీ మాట కొట్టెయ్యుండ్రి, తర్వాత గిది రాయుండ్రి. మీరే రాయాలె. నేను పెన్ను పట్టలేను."